అభంగ సంవత్సరం

తీరప్రాంత ఇంజన్ల తయారీ సంస్థ వారి లోహ పరీక్షాశాలలో జరిగే పనిని ఒక్క మాటలో చెప్పవచ్చు. అక్కడ ఉక్కు ముక్కల్ని విరగ్గొడతారు. కొన్నిటిని రెండు కొసలా పట్టి లాగి విరగ్గొడతారు. కొన్నిటిని మెలిపెట్టి విరగ్గొడతారు. కొన్నిటికి నడుమ చిన్న గాటు పెట్టి, గోడగడియారం లోలకంలా ఊగే పెద్ద సుత్తి దారిలో అడ్డంగా ఉంచి ఒక్క దెబ్బకి విరగ్గొడతారు. ఎంత బలానికి విరిగిందో రాసుకుంటారు. గట్టిగా నిలబడి విరిగిన రకంతో పడవల ఇంజన్లకి క్రాంక్ షాఫ్టులు, అంటే ఇంజను లోపల తిరిగే ఇరుసులు, చేస్తారు. తొందరపడి విరిగిన రకాన్ని కొలిమికి తిప్పి పంపుతారు. వస్తువు పాడైతేనే పని సరిగ్గా జరిగినట్టు లెక్కపెట్టే చోట్లు లోకంలో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

సుత్తి యంత్రం నడిపేవాడు పైడయ్య. ముక్క విరిగిన ప్రతిసారీ "ఇరిగింది మేడమ్!" అని కేక వెయ్యడం అతని అలవాటు. ఆ కేకతో పని లేదు. సుత్తి చప్పుడు కాంటీను దాకా వినిపిస్తుంది. అయినా పైడయ్య కేక విన్నాకనే పక్కగదిలోంచి పరీక్షాధికారి నూకరత్నం లేచి వచ్చేది. విరిగిన చోటు నారనారగా, మసకగా ఉందా, లేక పంచదార పలుకుల్లా మెరుస్తోందా అని భూతద్దం పెట్టి చూసేది. మెరిసే ఉక్కుని ఆమె నమ్మదు.

నూకరత్నం ఆ ఊరి జాలరిపేట పిల్లే. ఆమె చిన్నప్పుడు తండ్రి వేటకి వెళ్ళిన పడవలోంచి పక్క పడవ వాళ్ళకి ఏదో విరిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంజను చప్పుడు వినిపించలేదు. ఆ సాయంత్రం గాలివాన వచ్చింది. ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఇక్కడికే ఎందుకు రావాలనుకున్నారని పెద్దలు అడిగితే, "ఇంటికి దగ్గరండీ" అని చెప్పింది.

ఇలా అందరూ సుఖంగా విరగ్గొట్టుకుంటూ ఉండగా పరీక్షాశాలకి కొత్త డైరెక్టరు వచ్చారు. ఆయన పేరు సదానందం. ఉద్యోగ జీవితమంతా పురావస్తు ప్రదర్శనశాలల్లో గడిపారు. ఆయన హయాంలో ఒక్క కుండ పగలలేదు, ఒక్క విగ్రహం ముక్కు రాలలేదు. అంతటి నిర్వహణా దక్షుడిని కుండల మధ్యే ఉంచెయ్యడం దేశానికి నష్టమని ప్రభుత్వం వారికి తోచింది.

ఆయన మొదటిరోజు పరీక్షాశాల చూడ్డానికి వచ్చిన క్షణానే పైడయ్య మీట నొక్కాడు. సుత్తి ఊగింది. ముక్క రెండై చెరో వైపూ ఎగిరింది.

"ఇరిగింది మేడమ్!" అన్నాడు పైడయ్య ఉత్సాహంగా.

సదానందం గారు గోడ పట్టుకున్నారు. పరిపాలనాధికారి త్రిమూర్తులు పరుగున కుర్చీ తెచ్చాడు. మంచినీళ్ళు తాగి, తేరుకుని, డైరెక్టరు గారు నెమ్మదిగా అడిగారు.

"ఇలా ఎన్నాళ్ళుగా జరుగుతోంది?"

"సంస్థ పుట్టినప్పట్నుంచీ అండీ," అన్నాడు త్రిమూర్తులు తలొంచుకుని. అతను వచ్చింది గోదావరి జిల్లాల నుంచి. ఎదుటివారి ఆవేదన ఏ స్థాయిలో ఉందో చూసి, తన ఆవేదనని దానికి కాస్త పైన ఉంచడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. "నేను లోలోపల కుమిలిపోతూనే ఉన్నానండీ."

గది మూలన తొట్టి నిండా విరిగిన ముక్కలున్నాయి. సదానందం గారు ఒకటి తీసి, దాని రెండో సగం కోసం చాలాసేపు వెతికారు.

"విరగ్గొడితేనే ఎంతకి విరుగుతుందో తెలుస్తుంది సార్," అంది నూకరత్నం.

"తెలిశాక ఆ ముక్క మిగిలిందా?"

"లేదు సార్."

"మిగలని వస్తువు గురించి తెలుసుకుని ఏం ప్రయోజనమమ్మా?"

"ముక్క పోతే మనిషి మిగులుతాడు సార్."

"మనుషుల సంగతి వేరే శాఖ చూసుకుంటుంది," అన్నారు సదానందం గారు దయగా. "మన శాఖకి అప్పగించింది ఉక్కుని."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. 'జాతీయ సంపద అయిన లోహ నమూనాలను బుద్ధిపూర్వకంగా భంగపరచు అనాగరిక సంప్రదాయమునకు స్వస్తి పలుకుచూ, ప్రస్తుత సంవత్సరమును అభంగ సంవత్సరముగా ప్రకటించడమైనది. ఈ ఆవరణలో ఏ వస్తువూ, ఏ కారణము చేతనూ, విరుగుట, పగులుట, చిట్లుట, బీటలు వారుట నిషేధింపబడినవి.'

ఉత్తర్వు అంటించాక పరీక్షలు ఆగిపోయాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అవి మరింత చురుగ్గా సాగాయి. లాగే యంత్రం ముక్కని పట్టుకుని, అది ఇబ్బంది పడుతున్నట్టు అనిపించగానే వదిలేసేది. సుత్తికి దూది తలగడ కట్టారు. దెబ్బ తగిలితే ముక్కకి జోకొట్టినట్టుండేది. పైడయ్యకి మెత్తటి కుంచె ఇచ్చి, ముక్కల మీద దుమ్ము దులిపే పని అప్పగించారు.

"ఎన్నాళ్ళయిందో మేడమ్ కేకేసి," అన్నాడతను ఓ రోజు నూకరత్నంతో. "ఇంటికాడ గొంతు పట్టీసినట్టుంటంది. మొన్న మా ఆడది పుల్లలిరస్తుంటే నోట్లోంచి దానంతటదే వచ్చీసింది. వంటింట్లోంచి గరిటెట్టుకొచ్చీసింది నా మీదకి."

తర్వాత ఉత్తర్వు కాంటీనుని చేరింది. గాజు గ్లాసులు పోయి స్టీలు గ్లాసులు వచ్చాయి. అప్పడాలు విరిగే స్వభావం కలవి కనక వేయించకుండా వడ్డించడం మొదలుపెట్టారు. ఆమ్లెట్ ఆగిపోయింది. గుడ్లు ఉడకబెట్టి పెంకుతోనే ఇచ్చేవారు. పెంకు తీసుకోవడం తినేవారి వ్యక్తిగత బాధ్యత, అదీ ఆవరణ బయటికి వెళ్ళి. మధ్యాహ్నం వేళ గేటు బయట ఇంజనీర్లంతా వరసగా నిలబడి గుడ్లు ఒలుచుకోవడం చూసి, దారిన పోయేవాళ్ళు ఏదో సమ్మె అనుకునేవారు.

సరిగ్గా ఈ రోజుల్లోనే ఏడో రకం ఉక్కు వచ్చింది.

అది పాత రకాలకన్నా బాగా తేలిక. దానితో షాఫ్టు చేస్తే ఇంజను బరువు తగ్గుతుంది, పడవ జోరుగా పోతుంది. అందరూ దాన్ని మెచ్చుకున్నారు. లేతు మిషను మీద దాన్ని చెక్కుతున్నప్పుడు మాత్రం నూకరత్నం పక్కనే నిలబడి చూసింది. మంచి ఉక్కుని చెక్కితే పొట్టు ఉంగరాలు చుట్టుకుంటూ పొడుగ్గా వస్తుంది. ఇది ఉప్మా రవ్వలా పొడిపొడిగా రాలింది. ఆమెకి ఆ రవ్వ నచ్చలేదు. సుత్తి పరీక్ష కోసం బారెడు కడ్డీకి నడుమ గాటు పెట్టించి, అనుమతి అడిగింది.

అనుమతికి బదులు సంఘం వచ్చింది. దానిపేరు వీక్షణ పరీక్షా సంఘం. అధ్యక్షులు సదానందం గారు. సభ్యుడు త్రిమూర్తులు. ఇద్దరూ కడ్డీకి ఎదురుగా కుర్చీలు వేసుకుని పొద్దున్నుంచి భోజనాల దాకా దాన్ని చూశారు. భోజనాలయ్యాక వెనకవైపు నుంచి చూశారు.

"నీకేమనిపిస్తోంది త్రిమూర్తులూ?"

"నిబ్బరంగా ఉందండీ. ఎక్కడా తొణకడం లేదు. తమరు చూస్తున్నారని తెలిసి ఇంకాస్త నిటారుగా కూడా అయినట్టుందండీ."

ఏడో రకం ఉత్తీర్ణమైంది. సంఘం చూస్తున్నంతసేపూ విరగని మొట్టమొదటి ఉక్కు ఇదేనని నివేదికలో రాశారు. ఆ కడ్డీని రెండు చెక్క దిమ్మల మీద అడ్డంగా పెట్టి, కింద ఎర్ర మఖమలు పరిచి, పైన గాజుమూత పెట్టించారు. నడుమనున్న గాటు చూడ్డానికి బాగోలేదని, అది కనబడకుండా కడ్డీని కిందికి తిప్పించారు. తాళంచెవి సదానందం గారు తమ జంధ్యానికి కట్టుకున్నారు.

కొలిమివారు ఆనందంగా ఏడో రకంతో షాఫ్టులు చేసి ఇంజన్లలో బిగించారు.

"కనీసం ఇంజనుని కొన్నాళ్ళు తిప్పి చూద్దాం సార్," అంది నూకరత్నం.

"తిప్పితే అరిగిపోదూ?" అన్నారు సదానందం గారు నిజంగానే ఆశ్చర్యపోయి.

మొదటి ఇంజనుని ఒక కొత్త పడవకి బిగించి, మంత్రిగారి చేతుల మీదుగా ఒక జాలరికి ఇవ్వాలని నిర్ణయించారు. పేటలో చీటీలు వేశారు. చీటీ నూకరత్నం తమ్ముడు ఎల్లాజీకి వచ్చింది.

ఆ సాయంత్రం ఎల్లాజీ ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఇన్నావా? పేటంతా కళ్ళల్లో నిప్పులోసుకుంటన్నారు. ఆ ఇంజనెట్టుకుని ఎల్లి, సీకటి పడకముందే ఎనక్కొచ్చీస్తాను సూడు."

"ఒరే ఎల్లాజీ, ఆ పడవ వద్దురా."

"ఏటి?"

"ఆ షాఫ్టు మీద నాకు నమ్మకం లేదు."

ఎల్లాజీ నవ్వేశాడు. "మీ ఆఫీసే గదే నంబరొన్ను అని రాసిచ్చింది! పాస్ సేసినోళ్ళూ మీరే, వద్దన్నోళ్ళూ మీరేనా?"

"మేం విరగ్గొట్టి చూళ్ళేదురా."

"అయితే ఇరగ్గొట్టి సూపించు. నా కళ్ళతో సూస్తే, నానే మంత్రిగారికి దండమెట్టి వద్దనీస్తాను. ఊరికే మా అక్కకి బయమేస్తంది అని సెప్తే పేటలో నవ్వరా?" అతను వల మీదినుంచి తల ఎత్తకుండానే కాస్త గొంతు తగ్గించాడు. "నాన్న గురించే గదా నీ బయం."

ఆమె వల రెండో కొస పట్టుకుని కూర్చుంది.

మర్నాడు నూకరత్నం ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క విరగ్గొట్టడానికి ప్రత్యేకానుమతి కోరింది. త్రిమూర్తులు ఆమెని కూర్చోబెట్టి, టీ తెప్పించి, సానుభూతితో విషయం చెప్పాడు.

"మీ అర్జీ డైరెక్టరు గారు చాలా ఉదారంగా పరిశీలించారండీ మేడమ్ గారూ. చిన్న షరతేనండీ. ఆ ముక్క విరుగుతుందని మీరు ముందుగా రుజువు చేస్తే, విరగ్గొట్టడానికి అనుమతిస్తారండీ."

"విరగ్గొట్టకుండా ఎలా రుజువు చెయ్యనండీ?"

"అదేనండీ అందులో ఉన్న లోతు."

పడవ దించే రోజు రానే వచ్చింది. పరీక్షాశాల వెనకనున్న ఇసుక ఒడ్డున పందిరి వేశారు. ఆవరణలో ఎవరూ కాలుజారి ఏమీ పగలగొట్టకుండా నేలంతా పరుపులు పరిపించారు సదానందం గారు. జనం దూదిలో నడిచినట్టు నడిచి వచ్చి కూర్చున్నారు. వేదిక మధ్యలో గాజుమూత కింద, మఖమలు మీద, ఏడో రకం కడ్డీ. పక్కన ఎల్లాజీ, కొత్త పంచె, మెడలో దండ. వెనక పేటవాళ్ళంతా.

పూజ మొదలైంది. పూజారి మంత్రాలు చదివాడు. పసుపు, కుంకుమ, పూలు అయ్యాయి. కొబ్బరికాయ పళ్ళెంలో ఉంది. త్రిమూర్తులు వచ్చి దానికి ఒక చిన్న శాలువా కప్పి, "పూజ సమాప్తమండీ" అన్నాడు.

మంత్రిగారు అటూ ఇటూ చూశారు. "కాయ కొట్టలేదేటయ్యా?"

"ఇది అభంగ సంవత్సరమండీ," అన్నారు సదానందం గారు చేతులు జోడించి. "కాయను అఖండంగానే సమర్పించుకుంటున్నాం. శాస్త్రం దృష్ట్యా ఇదే ఉత్తమం. అఖండమే కదా పరిపూర్ణం."

వెనక నుంచి ఒక ముసలామె గొంతు ఖంగుమంది. "కాయ కొట్టకండా గంగమ్మలోకి పడవ దింపుతారేటి? దింపండి సూద్దుం! ఆ పడవెక్కినోడి కాళ్ళిరగ్గొడతాను!"

పేటంతా లేచి నిలబడింది. మంత్రిగారికి చెమటపట్టింది. ఆ నిలబడినవాళ్ళందరికీ ఓట్లున్నాయి.

"ఏవయ్యా డైరెక్టరూ, నీ సంవత్సరం నువ్వుంచుకో. కాయ నేను కొడతాను. రాయేదీ?"

రాయి లేదు. చుట్టుపక్కల రాళ్ళన్నీ, ఎవరి మీదైనా పడి ఏమైనా విరగవచ్చునన్న అనుమానంతో, కిందటి వారమే ఏరించి పారబోయించారు. గట్టినేల కోసం వెతికితే ఎక్కడ చూసినా పరుపులే. మంత్రిగారు కాయ చేత్తో పట్టుకుని మెత్తమెత్తగా అటూ ఇటూ తిరిగారు.

నూకరత్నం లేచింది. ఆమె గొంతు వణకలేదని తర్వాత పైడయ్య చాలామందికి చెప్పాడు.

"సార్, ఏడో రకం ఉక్కు ఉంది కదండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సంఘం చూసినా చెక్కుచెదరని ఉక్కు. దాని మీద కొట్టండి."

"బాగా చెప్పావమ్మా! మూత తియ్యండి!"

సదానందం గారు నోరు తెరిచారు. కడ్డీ మీద కొట్టవద్దంటే తన సంఘం నివేదిక మీద తనకే నమ్మకం లేనట్టవుతుంది. కొట్టమంటే కాయ పగులుతుంది. రెండు భంగాల్లో ఏది పెద్దదో ఆయన తేల్చుకునేలోపు త్రిమూర్తులు జంధ్యం పట్టుకుని తాళం తీసేశాడు. మంత్రిగారి ఆవేదన డైరెక్టరు గారి ఆవేదనకన్నా పై స్థాయిలో ఉన్నట్టు అతను అప్పటికే గమనించాడు.

కడ్డీ రెండు దిమ్మల మీద అడ్డంగా, గాటు కిందికి ఉండి, సరిగ్గా సుత్తి యంత్రం ఎలా కోరుకుంటుందో అలాగే ఉంది. మంత్రిగారు కాయని రెండు చేతులా తలపైకెత్తి, గంగమ్మ తల్లిని తలుచుకుని, కడ్డీ నడిమధ్యన కొట్టారు.

టప్‌మని చప్పుడైంది.

కాయ మంత్రిగారి చేతుల్లోనే ఉంది, చిన్న బీట కూడా లేకుండా. కడ్డీ రెండు ముక్కలై మఖమలు మీద పడింది.

సముద్రం ఒక అల ఆపుకున్నట్టనిపించింది. ఆ నిశ్శబ్దంలో, ఇన్ని నెలలుగా లోపల అణచుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చినట్టు, వెనక వరసలోంచి పైడయ్య కేక వేశాడు.

"ఇరిగింది మేడమ్!"

నూకరత్నం అలవాటు ప్రకారం వెళ్ళి వేదిక ఎక్కింది. ముక్క తీసి విరిగిన చోటు చూసింది. భూతద్దం అక్కర్లేకుండానే తెలుస్తోంది. పంచదార పలుకుల్లా మిలమిల మెరుస్తోంది.

"పాత మూడో రకానికీ ఇలాగే గాటెట్టి కొట్టేం బాబయ్యా," అన్నాడు పైడయ్య మంత్రిగారితో, అడగకపోయినా. "నిజం సుత్తితోటి. వంగింది గానీ వెంటనే ఇరిగిపోనేదు. కాయకి ఇరిగిపోయిన ఇనుం నానెక్కడా సూణ్ణేదు."

ఎల్లాజీ పడవ వైపు చూశాడు. అక్క చేతిలోని ముక్క వైపు చూశాడు. మెడలోని దండ తీసి మెల్లగా పళ్ళెంలో పెట్టేశాడు. మంత్రిగారికి దండం పెట్టడం మాత్రం మరిచిపోలేదు.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు సదానందం గారు. ఆయన నివేదికలో ఉక్కుని ఎక్కడా తప్పుపట్టలేదు. 'నాడు వేదిక మీద రెండు వస్తువులుండగా, వాటిలో ఒకటి సంపూర్ణముగా అభంగముగా నిలిచినందున, విధానము ఏబది శాతము విజయవంతమైనట్లు భావించవలెను' అని రాశారు. ఆ కొబ్బరికాయని గాజుమూత కింద, అదే మఖమలు మీద పెట్టించారు. తేలికపాటి ఇంజన్ల తయారీకి కొబ్బరికాయ అనుకూలతని పరిశీలించాలని పైకి రాశారు. ఏడో రకం షాఫ్టులు మాత్రం మంత్రిగారికి అపశకునం చూపించినందుకు కొలిమికి తిప్పి పంపారు. కారణం ఏదైతేనేం, అవి ఇంజన్లలోంచి దిగిపోయాయి.

ఒక చిక్కు మిగిలింది. పేటవాళ్ళు ఇకమీదట ప్రతి రకం ఉక్కు మీదా కాయ కొట్టి చూపిస్తేనే పడవ ఎక్కుతామన్నారు. ఉక్కు మంచిదైతే కాయ పగులుతుంది. కాయ మంచిదైతే ఉక్కు విరుగుతుంది. ఏది జరిగినా ఉత్తర్వుకి భంగమే. సదానందం గారికి నిద్ర పట్టలేదు. చివరికి త్రిమూర్తులు దారి చూపించాడు.

"పగిలిన కాయ ప్రసాదమవుతుందండీ. ప్రసాదం నష్టం కిందికి రాదండీ."

ఆ వెలుగులో సవరణ ఉత్తర్వు వెలువడింది. 'పూజా కార్యక్రమములో భాగముగా సంభవించు భంగము, భంగముగా పరిగణింపబడదు.'

నూకరత్నం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. మర్నాటి నుంచీ పరీక్షాశాలలో పొద్దున్నే పూజ మొదలయ్యేది. పైడయ్య సుత్తికి బొట్టు పెట్టి, ఒక అగరొత్తి వెలిగించేవాడు. కాయ కొట్టేవారు. ఆ తర్వాత సాయంత్రం దాకా, పూజలో భాగంగా, ఉక్కు ముక్కల్ని లాగి, మెలిపెట్టి, కొట్టి విరగ్గొట్టేవారు. సుత్తికి కట్టిన దూది తలగడని పైడయ్య ఇంటికి తీసుకెళ్ళి దాని మీద పడుకున్నాడు. కాంటీనులో వేయించిన అప్పడాలు నైవేద్యంగా తిరిగి వచ్చాయి. ఇంతటి భక్తి ఏ కార్యాలయంలోనూ చూడలేదని పైవారు మెచ్చుకుని, సదానందం గారిని పదోన్నతి మీద మళ్ళీ కుండల దగ్గరికి పంపించారు. ఆయన కూడా సంతోషించారు.

కొన్నాళ్ళకి మూడో రకం షాఫ్టుతో ఎల్లాజీ పడవ సిద్ధమైంది. దాని ఇంజనుని ఒడ్డు మీదే రోజుల తరబడి తిప్పి, అరగాల్సినంతా అరగనిచ్చారు. బయల్దేరే పొద్దున ఎల్లాజీ పరీక్షాశాలకి వచ్చాడు. నూకరత్నం అతని చేతిలో ఒక విరిగిన ముక్క పెట్టింది. విరిగిన చోటు మసగ్గా, నారనారగా ఉంది.

"నీ షాఫ్టూ, ఇదీ ఒకే కడ్డీలోంచి కోసినవి. దీన్ని విరగ్గొట్టడానికి పైడయ్యకి చెమటలు పట్టాయి."

ఎల్లాజీ ఆ ముక్కని చాలాసేపు బొటనవేలితో రుద్దాడు.

"నాన్న పడవ షాఫ్టుని ఎవరూ ఇరగ్గొట్టి సూణ్ణేదేమో గదక్కా."

"చూడలేదురా."

అతను ముక్కని పంచె కొంగున ముడేసుకుని ఒడ్డుకి దిగాడు. ఇంజను అందుకుంది. నూకరత్నం కిటికీ దగ్గర నిలబడి, ఆ చప్పుడు చిన్నదై, చిన్నదై, అయినా ఆగకుండా వినిపిస్తున్నంతసేపూ వింది.

వెనక గదిలో సుత్తి ఊగింది.

"ఇరిగింది మేడమ్!"

"వస్తున్నా పైడయ్యా," అంది నూకరత్నం.